బతికున్న అక్కకు రెండు నిమిషాల మౌనం

నంద్యాల, ఆళ్లగడ్డ వెళ్లొచ్చాను. అటు వెళ్లేవాళ్లు మామూలుగా మహానందికో అహోబిలానికో వెళతారు. నేను ఒక మనిషి చచ్చిపోయిందో బతికుందో చూసి రావడానికి వెళ్లాను. చచ్చిపోయిందని నలుగురికీ చెప్పింది నేనే కనుక, ఆ ప్రయాణం నేనే చేయడం న్యాయం. ఈ యాత్ర గురించి ఇప్పటికే రెండు మూడు రకాల కథలు తిరుగుతున్నాయి. ఒకదాంట్లో నేను పెద్ద మనసున్న మనిషిని. అది తప్పు. జరిగింది ఇది.

తెనాలిలో నాకొక చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. పెళ్లి పత్రికలు, పెద్దకర్మ కార్డులు వేస్తాం. నాలుగేళ్లుగా నాకు డిప్రెషన్ ఉంది. ఈ ముక్క మా ఆవిడకూ డాక్టరుకూ తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. మా వైపు మర్యాద ప్రకారం పైకి కనబడని జబ్బులన్నిటికీ గ్యాస్ అని పేరు. నాకు నాలుగేళ్లుగా గ్యాస్.

మాత్రలతో పాటు నన్ను నిలబెట్టింది ఒక పాడ్‌కాస్ట్. పేరు ‘మిషనక్క మాటలు’. ఆళ్లగడ్డలో ఎవరో ఒకావిడ బట్టలు కుడుతూ ఫోను పక్కన పెట్టుకుని మాట్లాడేది. పేరు చెప్పేది కాదు. అందరికీ మిషనక్కే. ఆవిడకూ ఇదే జబ్బు. సలహాలిచ్చేది కాదు, ధైర్యం చెప్పేది కాదు. “ఇయ్యాల పక్క మీంచి లేయబుద్ధి కాలే. శానాసేపు గోడకు చూస్తా పండుకున్యా. గోడ గూడా నన్ను చూసె. ఇద్దరం ఏం మాట్లాడుకోలే,” అనేది. తర్వాత ఎవరిదో జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టేసిన సంగతి చెప్పేది. వెనకాల ఎప్పుడూ టిక్కు టిక్కుమని ఒక చప్పుడు. చివర ప్రతిసారీ ఒకటే మాట: “నేనుండా. నువ్వూ ఉండు.”

వినేవాళ్లం కొందరం వాట్సాప్‌లో ఒక గుంపు పెట్టుకున్నాం. వయసులో పెద్దవాళ్లలో ఒకణ్ణని నన్ను అడ్మిన్ చేశారు. రోజూ పొద్దున్నే ప్రతివాళ్లూ ‘ఉన్నా’ అని ఒక్క మాట రాయాలి. అంతే నియమం. మిగతా పొద్దంతా ఆ టిక్కు టిక్కు ఏమిటన్న చర్చ. గోడ గడియారం అని ఎక్కువమంది, టీ గ్లాసులో చెంచా అని రాజమండ్రి ఆయన ఒక్కడు.

ఎండాకాలంలో ఎపిసోడ్లు ఆగిపోయాయి. వారం, నెల, రెండు నెలలు. ఆవిడ నంబరు ఎవరి దగ్గరా లేదు, పేజీకి పెట్టిన మెసేజ్‌లకు జవాబు లేదు. మామూలు మనుషులైతే ఫోను పాడైందేమో, ఊరెళ్లిందేమో అనుకుంటారు. మా గుంపులో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. ఉన్న కారణాల్లో అన్నిటికన్నా చెడ్డదాన్ని ఏరుకోవడంలో మాకు మంచి అనుభవం. ఒకరోజు నేను రాశాను: ‘మన అక్క ఇక మన మధ్య లేరేమో అనిపిస్తోంది.’

మధ్యాహ్నానికి ఆ వాక్యంలోంచి ‘అనిపిస్తోంది’ రాలిపోయింది. సాయంత్రానికి ‘ఏమో’ కూడా పోయింది. జీవితమంతా ప్రూఫులు దిద్దినవాణ్ణి, ఆ రెండు ముక్కలూ ఊడిపోవడం చూస్తూ ఊరుకున్నాను. ఊరుకోవడం ఒక్కటే కాదు. నివాళి కార్డు కూడా చేశాను. దీపం బొమ్మ, పూల అంచు, ‘శివైక్యం’ అన్న మాట మా కంప్యూటర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. పేరు మారిస్తే చాలు. ఫొటో లేదు కనుక ఆ చోట కుట్టు మిషను బొమ్మ పెట్టాను. అందరం ఒకచోట నిలబడలేం కనుక రెండు నిమిషాల మౌనాన్ని వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేసి పంపాను. రాజమండ్రి ఆయన ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు విన్నానని రాశాడు.

ఇంతవరకూ తెలివితక్కువతనమే. తప్పు ఆ తర్వాత తెలిసింది. అమలాపురం సుభద్రగారు ఎప్పుడూ ‘ఉన్నా’ రాసి చుక్క పెట్టే మనిషి, అంతకు మించి ఏమీ రాయరు. ఆవిడ ఆ రాత్రి రాశారు: ‘అక్కే ఉండలేకపోతే మనమెంత.’ మర్నాటి నుంచి ఆవిడ ‘ఉన్నా’ రాయలేదు. ఫోను చేస్తే వాళ్లాయన ఎత్తాడు. “పడుకునే ఉంటోందండీ. అన్నం తినట్లేదు. మాత్రలు కూడా వద్దంటోంది. ఎవరో పోయారట కదా, మీకేమైనా తెలుసా?” అని నన్నే అడిగాడు.

నాకు తెలియదన్నదే అసలు సంగతి. అక్క బతికే ఉండొచ్చని గుంపులో రాస్తే, మొన్న పోయిందన్నదీ మీరే కదా అంటారు. చూసి రావాలి. పెళ్లి పత్రికల ఆర్డరు కోసం వెళుతున్నానని ఇంట్లో చెప్పి రైలెక్కాను.

నంద్యాల: మూడో బజ్జీ

రైలు నల్లమల సొరంగాలు దాటాక గాలి మారింది. నంద్యాలలో దిగేసరికి పొద్దెక్కలేదు గానీ ఎండ ఎక్కేసింది. అక్క నెలకోసారి ఇక్కడి డాక్టరు దగ్గరికి వచ్చి, తిరిగి వెళ్లేముందు బస్టాండు దగ్గర బండి మీద ఉగ్గాని తింటానని ఒక ఎపిసోడ్‌లో చెప్పింది. నా దగ్గరున్న ఆచూకీ అంతే.

బస్టాండు దగ్గర ఉగ్గాని బండ్లు ఒకటి కాదు. జనం ఎక్కువున్న దాని దగ్గర నిలబడ్డాను. బొరుగుల్ని మేము మరమరాలంటాం, సాయంత్రాలు పిల్లలకు పెడతాం. వీళ్లు వాటిని తడిపి, నీళ్లు పిండేసి, ఉల్లిపాయలతో తాలింపు పెట్టి, పప్పుల పొడి కలిపి పొద్దున్నే తింటారు. పక్కన మిరపకాయ బజ్జీ. ప్లేటు నలభై రూపాయలు. మా తెనాలిలో ఆ డబ్బుకు రెండు ఇడ్లీలు, నీళ్ల చట్నీ, బోలెడు మర్యాద వస్తాయి. ఇక్కడ మర్యాద విడిగా అడగాలి.

“ఏమప్పా, మొగమట్ల పెట్టుకున్యావు? ఎవురన్నా పోయినారా?” అన్నాడు బండాయన. పేరు మద్దిలేటి అని పక్కవాళ్లు పిలుస్తుంటే తెలిసింది.

“అదే తెలుసుకుందామని వచ్చానండీ,” అన్నాను.

ఆయన గరిటె ఆపి నన్ను చూశాడు. ఫోనులో ఆ ఎపిసోడ్ పెట్టి వినిపించాను. లారీ హారన్ల మధ్య అక్క గొంతు: “డాక్టరు కాడికి పోయి, బస్టాండు కాడ ఉగ్గాని తిన్యా. బజ్జీలో ఉప్పు జాస్తి.”

“ఉప్పు జాస్తా?” మద్దిలేటికి కోపం వచ్చింది. “అయితే అది నా బండి గాదు. ఆ పక్కోడిది అయింటాది.”

పక్క బండాయన కూడా విని, అది మద్దిలేటి బండే అయ్యుంటుందన్నాడు. ఇద్దరికీ మాటామాటా పెరిగింది. డిప్రెషన్ గురించిన పాడ్‌కాస్టును నంద్యాల బస్టాండులో అంత శ్రద్ధగా విన్న జనం మళ్లీ ఉండరు. కానీ ఆవిడ ఎవరో ఎవరికీ తెలియదు.

“నెలనెలా ఆ డాక్టరు కాడికి వచ్చేటోళ్లు నా కాడ శానామంది తింటారప్పా,” అన్నాడు మద్దిలేటి, గొడవ చల్లారాక. “పేర్లు అడగను. మొగం చూస్తే తెలుస్తాది. దిగులుండేటోళ్లకు ఒక బజ్జీ ఎక్కువేస్తా.”

నా ప్లేటు చూసుకున్నాను. మూడు బజ్జీలు. పక్కాయన ప్లేటులో రెండే. నాలుగేళ్లు గ్యాస్ పేరుతో దాచుకున్న జబ్బు ఒక బజ్జీ దగ్గర బయటపడింది.

డాక్టరు ఆసుపత్రి పక్క వీధిలోనే. హాలులో బల్ల దగ్గర సిస్టర్ కూర్చుని ఉంది. మెడలో చిన్న సిలువ, ముందు చీటీల కట్ట.

“పేషెంట్ల సంగతులు చెప్పగూడదు సార్,” అంది.

“సంగతులొద్దమ్మా. బతికుందో లేదో ఒక్క మాట చెప్పండి.”

“అది గూడా పేషెంట్ల సంగతే గదా సార్.” తర్వాత నా మొహం పరీక్షగా చూసింది. “మీరు చూపిచ్చుకుంటారా? ఇప్పుడైతే జనం తక్కువుండారు.”

వద్దన్నాను. ఆ ఊళ్లో నాకు ఉచితంగా చాలా వైద్యం దొరికింది. లాడ్జి గుమాస్తా మహానంది కోనేట్లో మునగమన్నాడు. “బెలుం గుహల్లోకి పోయి రా సామీ. లోపల ఒక్క సప్పుడుండదు. మనసు నిమ్మళమైతాది,” అన్నాడు ఆటో ఆయన. చీకట్లో, చప్పుడు లేని చోట ఒంటరిగా ఉండటం నేను తెనాలిలో మా పడకగదిలోనే బస్సు ఖర్చు లేకుండా చేస్తున్నానని ఆయనకు చెప్పలేదు.

శిరివెళ్ల దాకా: దోసెడు శనగలు

మర్నాడు ఆళ్లగడ్డ బస్సులో నా పక్కన ఒక రైతు కూర్చున్నాడు. ఒళ్లో చిన్న గోనెసంచి. మా వైపు బస్సులో పక్కవాళ్లను పలకరించడానికి ముందు ఎండ గురించి, తర్వాత రోడ్ల గురించి, ఆ తర్వాత ప్రభుత్వం గురించి మాట్లాడాలి. సొంత సంగతి వచ్చేసరికి దిగాల్సిన ఊరొస్తుంది. ఈయన కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

“యా ఊరప్పా?”

“తెనాలి అండీ.”

“ఎన్నెకరాలు?”

“పొలం లేదండీ. ప్రెస్సు.”

“పిల్లోళ్లు?”

“ఇద్దరు.”

“మరి ఏం జబ్బు?”

జబ్బుందని నేను చెప్పలేదు. కానీ ఆ ప్రశ్నల వరసలో అది ఎంత సహజంగా వచ్చిందంటే, అబద్ధం తయారు చేసుకునే వ్యవధి చిక్కలేదు. “డిప్రెషన్ అండీ,” అన్నాను. ఆ మాట ఆసుపత్రి బయట పైకి అనడం అదే మొదలు. బస్సు ఆగిపోతుందేమోనన్నట్టు చుట్టూ చూశాను.

“ఓ, అదా. మా చిన్నమ్మకు ఉండె. మాత్రలు మింగుతాంటే బాగుండె. మానితే పడిపోతాండె.” సంచి మూతి విప్పాడు. “శనగలు తింటావా? మా చేన్లోవే.”

దోసెడు వేయించిన శనగలు పోశాడు. నాలుగేళ్ల రహస్యం అయిపోయింది. తర్వాత శిరివెళ్ల దాకా శనగకు పట్టిన తెగులు గురించి చెప్పాడు. ఆయన దృష్టిలో ఆ తెగులే పెద్ద విషయం. దిగేముందు మాత్రం తిరిగి చూసి, “మింగుతాండావు గదా?” అన్నాడు. తలూపాను. ఆయన శనగల గురించే అడుగుతున్నాడనుకున్నట్టు నటిస్తూ నమిలాను.

ఆళ్లగడ్డ: విగ్రహానికి బేరం

బస్సు దిగి నాలుగడుగులు వేశానో లేదో, ఆ చప్పుడు. టిక్కు, టిక్కు, టిక్కు. రెండేళ్లు నా చెవుల్లో మోగిన చప్పుడు. అది గడియారం కాదు, చెంచా కాదు. ఉలి మీద సుత్తి దెబ్బ. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతారని నేను విన్నాను గానీ, ఆ రెండింటినీ ఎప్పుడూ కలుపుకోలేదు.

ఇక ఆ చప్పుడు పట్టుకుని వెళితే అక్క ఇల్లు దొరుకుతుందనుకున్నాను. ఆ సంతోషం వీధి మలుపు దాకా ఉంది. మలుపు తిరిగితే రోడ్డు పొడుగునా రేకుల షెడ్లు. ప్రతి షెడ్డులోనూ టిక్కు టిక్కు. సగం లేచిన నందులు, ముఖం రాని అమ్మవార్లు, ఒకే ఒక కళ్లద్దం చెక్కిన నాయకులు. తెల్లటి రాతిపొడిలో అందరూ ఒకే రంగు, మనుషులూ దేవుళ్లూ.

మొదటి షెడ్డులో పెద్దాయన ఒకాయన నంది గంగడోలు చెక్కుతున్నాడు. బోర్డు మీద బ్రహ్మయ్యాచారి అని ఉంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఫోనులో నివాళి కార్డు తీసి చూపించాను. “ఈవిడ కోసం వచ్చానండీ.”

ఆయన సుత్తి పక్కన పెట్టి, కండువాతో చెయ్యి తుడుచుకుని, ఫోను దూరంగా పట్టుకుని చూశాడు. “ఎప్పుడు పాయె?”

“అదే సరిగ్గా తెలియదండీ.”

“నడుము దాకానా, నిలువెత్తా?”

“ఏమిటి?”

“విగ్రహం సామీ. నల్లరాయా, తెల్లరాయా? నిలువెత్తుకు టైము పడ్తాది. సంవత్సరీకానికి కావాల్నంటే నడుము దాకా చేయించుకోండి.” కార్డు మళ్లీ చూసి తల అడ్డంగా ఊపాడు. “ఫొటో ఏదీ? మిషను బొమ్మ పెట్టినారు. మిషను చెక్కమంటే చెక్కుతా. మొగం కావాల్నంటే ఫొటో ఉండాల.”

ఆ షెడ్డుకు చేతిలో పోయినవాళ్ల బొమ్మ పట్టుకుని వచ్చేవాళ్లందరూ దాని కోసమే వస్తారు. నాకు ఆ తెలివి ఉండవలసింది. మా ప్రెస్సుకూ అలాగే వస్తారు కదా. కంగారుగా ఎపిసోడ్ పెట్టి వినిపించాను. అక్క గొంతు రెండు మాటలు పలికిందో లేదో ఆయన నవ్వాడు.

“ఇది ఖైరూన్ గొంతు గదా. మా యెనక సందులో కుడతాది. జాకెట్టిస్తే పది తూర్లు తిరగాల.”

“ఆవిడ... ఉన్నారా?”

“ఉండేదేంది? పొద్దున్నే నా పెండ్లాంతో కొట్లాడిపాయ.” మళ్లీ కార్డు చూశాడు. ఈసారి అక్షరాలు కూడా చదివాడు. చదవడం పూర్తయ్యాక నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. “ఇది యా ఎదవ ఏసిన కార్డు సామీ?”

ఎవరో వేశారన్నాను. జరిగింది ఇదని మొదట్లోనే అన్నాను కనుక ఈ అబద్ధం కూడా రాస్తున్నాను.

మిషను దగ్గర

సందులో ఒక గది. తలుపు తెరిచే ఉంది. దండెం మీద రంగురంగుల జాకెట్లు, నేల మీద గుడ్డ పీలికలు. మిషను ముందు నలభై దాటిన మనిషి, తల మీద కొంగు, నోట్లో రెండు గుండుసూదులు. నన్ను చూసి సూదులు తీయకుండానే, “ఆడోళ్లవే కుడతాం. మొగోళ్లవి బజార్లో,” అంది.

ఆ గొంతు చెవిలో కాకుండా గదిలో వినబడటం వింతగా ఉంది. నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే జరిగిందంతా చెప్పేశాను. గుంపు, రెండు నెలలు, నా వాక్యం, కార్డు. ఖైరూన్ సూదులు తీసి మిషను మీద పెట్టింది.

“నన్ను సంపేసినారా?”

“పొరపాటైందమ్మా.”

“కార్డు చూపీ.”

చూపించాను. నిదానంగా చదివింది. ‘శివైక్యం’ దగ్గర ఆగింది. “శివుడి కాడికి పంపినావా నన్ను? పోనీలే. మహానంది దగ్గరే గదా, దూరం పంపలే.” ఆమె నవ్వితే భుజాలు మాత్రమే కదులుతాయని అప్పుడు తెలిసింది. రెండేళ్లు వింటూ కూడా ఆ సంగతి తెలియలేదు. “మా ఇంటాయనకు మాత్రం చూపద్దు. ఆటో తోలేటోడు, నడిరోడ్లో ఆపి ఏడుస్తాడు. మెత్తనోడు.”

ఎందుకు ఆపేశారని అడిగాను.

“ఎండల్లో పడిపోతినప్పా. నెలకు పైన లేయలే. డాక్టరు మందు మార్చె. మల్ల లేసినా. లేసేసరికి పెండ్లిండ్ల జాకెట్లు ఇంత ఎత్తు పడిండె. దానికి తోడు యెనక షెడ్డులో రాళ్లు కోసే మిషను తెచ్చినారు. అది గుయ్యిమంటే నా మాట నాకే ఇనపడదు.” దారం తెంపింది. “అయినా ఇనేటోళ్లు ఉండారని నాకేం తెలుసు? డాక్టరు ఎవురితోనన్నా మాట్లాడమనె. ఫోను పలక్కుండా ఇంటాదని ఫోనుతో మాట్లాడితి.”

కారణాల్లో నాకు సంబంధించింది ఒక్కటీ లేదు. నిజం చెప్పొద్దూ, కొంచెం చిన్నబోయాను. పోయిన శీతాకాలంలో ఒక ఎపిసోడ్ కింద ‘ఈసారి కాస్త సాగదీశారు’ అని రాశాను. అక్క ఆగిపోవడానికి ఆ మాటే కారణమేమోనని కుమిలిపోయాను. ఆవిడ ఆ పేజీ తెరిచి కూడా చూడలేదట.

“నేను పోయినానని ఏమేం చెప్పినారు? ఇనిపీ,” అంది.

వద్దన్నా వినలేదు. గుంపులోని వాయిస్ మెసేజ్‌లు ఒక్కొక్కటే పెట్టాను. ఆవిడ మళ్లీ మిషను తొక్కుతూ వినసాగింది. ఇన్నాళ్లూ ఆవిడ చెబితే మేం విన్నాం. ఇప్పుడు మా గొంతులు చెబుతుంటే ఆవిడ కుడుతోంది. రాజమండ్రి ఆయన, “అక్క మాట వింటే మా అమ్మ గుర్తొచ్చేది,” అన్నాడు.

“ఈయప్ప వయసెంత?”

“అరవై దాటాయి.”

“నేను అమ్మనా? నా మొగుడు ఇంటే ఈసారి నవ్వుతాడు.” ఇంకొకావిడ, అక్క చెప్పిన గోడ కథ విని ఆ రోజు మంచం దిగానని చెప్పింది. ఖైరూన్ కుట్టు వంకర పోయింది. విప్పి మళ్లీ కుట్టింది. “ఇవన్నీ బతికున్నప్పుడు ఒక్కరు జెప్పలే,” అంది.

చివరిది నా మౌనం. ఇది దాటేద్దామన్నాను. ఏంటది అంది. చెప్పాను. “పెట్టు. నా కోసరం మౌనంగా ఉంటే నేను ఇనొద్దా?” అని మిషను ఆపేసింది.

రెండు నిమిషాలు చాలా పెద్దవి. ఆవిడ చెయ్యి గుడ్డ మీద అలాగే ఉంది. ఫోన్లో నేను పంపిన నిశ్శబ్దం, బయట ఉలి చప్పుళ్లు. అయిపోయాక ఆవిడ అడిగింది:

“ఆ కిర్రుకిర్రు ఏంది?”

“మా ఫ్యానండీ. గదిలోది.”

“నూనె ఏయించు. సచ్చినోళ్లు గూడా లేస్తారు ఆ సప్పుడుకు.”

అప్పుడు సుభద్రగారి సంగతి చెప్పాను. ఆవిడ నవ్వు అక్కడ ఆగింది. తిండి సంగతి, మాత్రల సంగతి రెండుసార్లు అడిగింది. తర్వాత హఠాత్తుగా, “నువ్వు ఏసుకుంటాండావా?” అంది.

“ఆ. వేసుకుంటున్నాను.”

“చూపీ.”

నేను చేతిసంచిలోంచి మాత్రల అట్ట తీశాను. నిండుగా ఉంది. ఒక్కటీ నొక్కలేదు. కార్డు చేసిన తర్వాత, ఒక మనిషిని చంపి ఇంకో మనిషిని మంచాన పడేసినవాడు మాత్రలేసుకుని హాయిగా ఉండటం మర్యాద కాదనిపించి మానేశాను. గుంపులో మాత్రం రోజూ అందరికన్నా ముందే ‘ఉన్నా’ రాస్తూ వచ్చాను. అక్షరాలు తప్పు లేకుండా రాయడం వృత్తి కదా.

ఖైరూన్ అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. “ఆయమ్మను లేపనీకి ఇంతదూరం వచ్చినావు. నువ్వు లేసినావా?” అట్ట తిరిగి నా చేతిలో పెట్టింది. “ముందు మీ డాక్టరుకు ఫోన్ చెయ్. ఎట్ల మొదలుపెట్టాల్నో ఆయన్నడుగు. నేను టైలర్ని.”

ఆవిడ ఎదుటే ఫోను చేశాను. మా డాక్టరు తిట్టాడు. తెనాలి తిట్టు, ‘అండీ’తో తిట్టాడు. తర్వాత ఎలా వేసుకోవాలో చెప్పి, రాగానే కనిపించమన్నాడు. ఖైరూన్ లోపలి నుంచి జొన్నరొట్టె, వంకాయ కూర తెచ్చి పెట్టింది. “తిని ఏసుకో. ఉత్త కడుపున ఒద్దు.” రొట్టె మందంగా ఉంది, కారం మందం అంతకు రెండింతలు. కళ్లవెంట నీళ్లొచ్చాయి. కారం వల్లేనని ఇద్దరం ఒప్పుకున్నాం.

అమలాపురం నుంచి ఒక ప్రశ్న

తిన్నాక ఫోను అందుకుంది. గుంపుకు ఏదైనా రెండు మంచి మాటలు రికార్డు చేయమన్నాను. “మంచి మాటలు నాకు రావు. ఆయమ్మకే చెయ్,” అంది.

సుభద్రగారి భర్త ఎత్తాడు. విషయం చెప్పి స్పీకరు పెట్టి ఆవిడ మంచం పక్కన పెట్టమన్నాను. పెట్టానన్నాడు. అటువైపు ఏ చప్పుడూ లేదు. ఖైరూన్ వెంటనే మాట్లాడలేదు. ఎపిసోడ్ మొదట్లో చేసినట్టే ముందు కాసేపు మిషను తొక్కింది. తర్వాత ఆపింది.

“సుభద్రమ్మా. నేను మిషనక్కను. ఎండల్లో పడిపోయినా. గోడకు చూస్తా పండుకున్యా. ఈ తెనాలాయప్పకు నా మాట ఇనపడకపోతే నేను సచ్చినాననుకున్యాడు. పండుకుంటే సచ్చినట్ల గాదు. మాట్లాడకపోతే గూడా సచ్చినట్ల గాదు. రేపు మల్ల పండుకుంటానేమో, నాకు తెల్దు. ఇయ్యాల లేసినా. అంతే.”

అటు ఏమీ లేదు. ఖైరూన్ కంగారు పడలేదు. బ్రహ్మయ్యాచారి భార్య జాకెట్టు వీపు లోతు గురించి, పొద్దుటి గొడవ గురించి చెప్పుకుపోయింది. తప్పు ఎవరిదో మధ్యలో సుభద్రగారినే అడిగింది. మాట అయిపోయింది. అంతసేపూ వెనక షెడ్లో ఆగి ఆగి గుయ్యిమంటున్న కోత మిషను కూడా ఎందుకో ఆగింది. ఉలి చప్పుడు ఒక్కటే మిగిలింది.

అప్పుడు ఫోన్లోంచి, చాలా రోజులు వాడని గొంతు:

“అక్కా. ఆ టిక్కు టిక్కు ఏమిటి?”

“రాళ్లు కొడతాండారమ్మా. విగ్రహాలు.”

“మేం గడియారం అనుకున్నాం,” అన్నారు సుభద్రగారు.

“గడియారం యాడుంది నా కాడ? టైముంటే జాకెట్లు టైముకే ఇస్తుంటి.”

అటువైపు వచ్చిన చప్పుడు నవ్వేనని నేను ఒట్టేసి చెప్పలేను. వాళ్లాయన మాత్రం ఫోను తీసుకుని, లేచి కూర్చుందండీ, రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళతాను, అన్నాడు.

తెనాలి: ఫ్యాను

వస్తూ గుంపులో సవరణ వేశాను. కార్డు వెనక్కి తీసుకుంటున్నానని, అక్క ఉందని, చప్పుడు ఉలిదని. రాజమండ్రి ఆయన అక్క బతికున్నందుకు సంతోషించి, చెంచా కానందుకు విచారించాడు. మర్నాడు సుభద్రగారు రాశారు: ‘ఉన్నా.’ చుక్కతో సహా. నేను ఆ రోజు అందరికన్నా చివర రాశాను. మాత్ర మింగి, అది నిజమేనా అని చూసుకుని రాశాను.

అందరికీ చెప్పవలసింది ఒకటి మిగిలింది. నేను సుభద్రగారిని కాపాడటానికి వెళ్లలేదు. తప్పు నాది కాదని ఎవరైనా చెబుతారేమోనని వెళ్లాను. ఎవరూ చెప్పలేదు. తప్పు నాదే. కాకపోతే నేననుకున్నంత పెద్ద మనిషిని కాదు, నా మాటకు జనం చచ్చేటంత.

ఇందాక ఖైరూన్ గుంపులో ఒక వాయిస్ మెసేజ్ పంపింది. రెండు నిమిషాలు. ఒక్క మాట లేదు. మిషను చప్పుడు, వెనక ఉలి చప్పుడు. నా మౌనానికి బదులేమోనని చివరిదాకా విన్నాను. ఆఖరున గొంతు వచ్చింది: “నేనుండా. ఫ్యానుకు నూనె ఏసినావా?”

వేయలేదు. వచ్చినప్పటి నుంచి పడుకుని దాన్నే చూస్తున్నాను, అదీ నన్ను చూస్తోంది. ఇక్కడ ఆపి, స్టూలు ఎక్కడుందో మా ఆవిణ్ణి అడుగుతాను.